తెల్ల చొక్కాల అభిమాని

ఫుజైరా
సెప్టెంబర్ 22, 2023

రాజేశ్వర్ బావకు నీ బామ్మర్ది హన్మాండ్లు దండం పెట్టి రాసేది.

ఇక్కడ అందరం మంచిగున్నం అని మొదలు రాయాలె. రాసిన. నమ్ముడు నీ ఇష్టం.

ఈ కాలంల ఉత్తరమేందని నవ్వుతుంటవు. ఫోన్ లేదు బావా. నాదొక్కటే కాదు, మా క్యాంపుల యాభై మందివి పోయినయి. దొంగలు ఎత్కపోలే. పోలీసులు రసీదు ఇచ్చి మర్యాదగ తీస్కపోయిన్రు, అండ్ల వీడియోలు ఉన్నయని. వేరేటోళ్ళ ఫోన్ల మాట్లాడుదామంటే, ఈ ముచ్చట ఫోన్ల ఎత్తితే కేసు అయితదని మా మేనేజర్, అదే ముదీర్ సాబ్, బెదిరిచ్చిండు. అందుకే మా క్వారీ కంకర మీ రువైస్ కు మోసే ట్రైలర్ డ్రైవర్ షాహబాజ్ చేతికి ఇది ఇస్తున్న. పెషావర్ మనిషి. తెలుగు రాదు, కాబట్టి నమ్మకస్తుడు. జవాబు ఆయన చేతికే ఇయ్యి.

జరిగింది చెప్త. నేను ఫుట్‌బాల్ చూడవోయిన. నవ్వకు, ఇంకా అసలుది రాలే.

మీ దిక్కు జట్టు ఒకటున్నది గదా, తెల్ల చొక్కాలోళ్ళు. మా పక్క ఊరి జట్టు పచ్చ చొక్కాలోళ్ళు. పోయినేడు ఈ రెండు జట్ల మనుషులు ఆట అయినంక కుర్చీలు పీకి కొట్టుకున్నరట. అందుకని ఈసారి మ్యాచ్ మీద ప్రమాదం అని పోలీసులు ముందే ముద్ర గుద్దిన్రు. బయటూరి అభిమానులు యాభై మందికి మించొద్దు, వాళ్ళను ఇనుప జాలి అవతల ఒక మూలకు కూసోబెట్టాలె, ఆట అయినంక ఊరోళ్ళు పోయేదాక బయటికి ఇడువొద్దు. ఇవి పెద్దసార్ల ఆర్డర్లు.

గని ఆ యాభై మందే దొరకలే. పని రోజు, ఈ గల్ఫ్ దేశంల మీ పడమటి కొస నుంచి మా తూర్పు కొసకు ఎవడొస్తడు? మూల ఖాళీగ టీవీల కనబడితే జట్టుకు నామోషి. మనుషులను సప్లై చేసేటాయన ఒకడు మా ముదీర్ కు చెప్పిండు. పొక్లెయిన్ ను కిరాయికి ఇచ్చినట్టు ముదీర్ మమ్ములను ఒక సాయంత్రానికి ఇచ్చిండు. రాళ్ళు కొట్టుడు ఆపి, తానాలు చేయించి, తెల్ల చొక్కాలు తొడిగించి బస్సెక్కించిన్రు. నాయకుడు నేను. సప్లయరే నా పేరు పెట్టి అడిగిండట, "జోకులేసే హన్మాండ్లు ఉన్నడు గదా" అని. నా కీర్తి అంత దూరం ఎట్ల పోయిందో తెలువదు. ఆ పేరు ఇచ్చినోడెవడో దొరికితే జర మాట్లాడేది ఉన్నది.

అరువమన్నరు. ఏమని అరువాలో చెప్పలే. మొదలు పచ్చోళ్ళు గోల్ కొట్టిన్రు. మంచిగ కొట్టిండని మావోళ్ళంత చప్పట్లు కొట్టిన్రు. ఊర్ల కబడ్డీ అయితే ఎవడు మంచిగ ఆడితే వానికి కొడుతం గదా. అవతల పచ్చోళ్ళు మేము వెక్కిరిస్తున్నమనుకున్నరు. నీళ్ళ సీసాలు ఇసిరిన్రు. సప్లయర్ మనిషి ఉరికొచ్చి "మీవోళ్ళు తెల్లోళ్ళురా, వాళ్ళకు అరువుండ్రి, జోర్ సే" అన్నడు.

నాకు తెలిసిన జోరు ఒక్కటే. క్వారీల బండ జరిపేటప్పుడు నేను పాట అందుకుంట. అందరు "హైసా" అని ఒక్కపారే ముందుకు ఒరిగి కాలు గుద్దుతరు. అదే అందుకున్న. యాభై మంది బండలు జరిపేటోళ్ళు బావా. ఒరిగేసరికి ముంగటి ఇనుప జాలి ఊగింది. అవతల నిలబడ్డ పోలీస్ కెప్టెన్ సార్ మొఖం తెల్లవడ్డది. మేము జాలి కూలగొట్టి మైదానంల వడుతున్నమని ఆయన అనుకున్నడు. గేటుకు తాళం వేయించిండు.

ఆట అయినంక సుత తాళం తియ్యలే. గాలి లేదు. నీళ్ళు అయిపోయినయి. కొందరికి సోయి దప్పింది. ఒకాయన జాలి ఎక్కి పైనుంచి జారిండు. దవాఖానల ఉన్నడు.

ఇప్పుడు సర్కారు ఒక కమిటీ వేసింది. తాళం ఎందుకు వేసిన్రు, వేసింది ఎందుకు తియ్యలే, ఆ బయటూరి అభిమానులు అసలు అంత ప్రమాదమైనోళ్ళేనా, ఇది తేల్చాలె. వాళ్ళ నాయకుణ్ణి పిలుస్తరట. మోకాళ్ళ నొప్పికి నూనె రాసుకుంట కూసున్న ఆ ప్రమాదమైన మనిషిని నేనే.

ముదీర్ ఏమంటడంటే, "మీరు నిజం అభిమానులు. మీ ఇష్టంతోని, సెలవు పెట్టి పోయిన్రు. ఖలాస్." వీసా ఉన్న పని ఇడిసి వేరే పనికి పంపిండని తేలితే ఆయనకు కేసు, మా అందరి వీసాలు క్యాన్సల్. సరే, అభిమానినని చెప్త. గని వాళ్ళు ఊకె ఇడుస్తరా, అడుగుతరు గదా. నాకు బంతి గుండ్రంగ ఉంటదని తప్ప ఏం తెలువదు. నువ్వు ఆ జట్టు ఆటలన్ని చూస్తవు. నాకు నేర్పు బావా. ఆటగాళ్ళ పేర్లు రాయి.

నవ్వుకుంటనే రాస్తున్న.

మీ తమ్ముడు భూమేశ్ మంచిగున్నడు. వాని ఫోన్ సుత పోయింది. వాని భార్య లావణ్యకు చెప్పు, పరేషాన్ కావొద్దని.

నీ బామ్మర్ది
హన్మాండ్లు


రువైస్
అక్టోబర్ 3, 2023

హన్మాండ్లూ,

నీ ఉత్తరం అందింది. గదిలో ఆరుగురం ఉంటాం కదా, బాత్రూంలో తలుపేసుకుని చదివాను. చదివి నీళ్ళలో నానబెట్టి పారేశాను. నువ్వు కూడా అట్లాగే చెయ్యి.

ముందుగా ఒక మాట. ఆ కమిటీ ముందు జోకులు వెయ్యకు. నువ్వు నవ్వించినవాళ్ళు ఇంతవరకు మన ఊరివాళ్ళు, మన క్యాంపువాళ్ళు. వీళ్ళు వేరు. వాళ్ళకు నవ్వొచ్చినా రాసుకుంటారు.

ఇక పాఠం. తెల్ల జట్టులో గోల్ కాచే గోలీ పేరు సాలిం. పొడుగ్గా ఉంటాడు, ఎడమ చేతికి కట్టు. పది నంబరు చొక్కా మురాద్‌ది, జట్టులో వాడే దేవుడు. కోచ్ బట్టతల ఆయన, పోయిన ఏడాదే వచ్చాడు. ఆఫ్‌సైడ్ అని ఒకటుంది, తప్పకుండా అడుగుతారు. పెళ్ళి భోజనాల్లో ముందువాళ్ళు తిని లేవకముందే కుర్చీ వెనకాల పోయి కొందరు కాచుకుంటారు కదా. అట్లా ఎదుటి జట్టువాళ్ళందరినీ దాటిపోయి, గోల్ దగ్గర బంతి కోసం ముందే కాచుకోవడం తప్పు. అదే ఆఫ్‌సైడ్. నీకు ఇట్లా అయితేనే ఎక్కుతుందని రాశాను.

మన జట్టు గోల్ తింటే తల పట్టుకోవాలి. చప్పట్లు కొట్టకూడదు.

ఎప్పటినుంచి చూస్తున్నావంటే నాలుగైదేళ్ళని చెప్పు. ఎవరు అలవాటు చేశారంటే టీవీ అని చెప్పు. నా పేరు వద్దు. నీ పేరు సప్లయర్‌కు ఎవరిచ్చారన్నది కూడా ఇప్పుడు వెతుక్కోకు, దానివల్ల ఎవరికీ లాభం లేదు.

జాలి మీదినుంచి పడ్డాయన ఎవరో గానీ, పాపం. అతని సంగతి అడిగితే నాకు తెలియదని చెప్పు. ఇట్లాంటప్పుడు ఎవరి ప్రాణం వాళ్ళు చూసుకోవాలి. పరాయివాడి బాధ నీ మెడకు తగిలించుకోకు.

భూమేశ్‌ను ఒక ముక్క రాయమను. అన్నకు రాయడానికి వాడికి బద్ధకం ఎక్కువ.

రాజేశ్వర్


ఫుజైరా
అక్టోబర్ 14, 2023

రాజేశ్వర్ బావకు దండాలు.

నీ పాఠం మస్తు పనికొచ్చింది. బడిల ఇంత మంచిగ చెప్పేటోడు ఉంటే ఏడో తరగతి తప్పకపోతుంటి నేను. ఆఫ్‌సైడ్ మా గదిల అందరికి ఎక్కింది. ఇప్పుడు మెస్సుల ఎవడన్న ముందే పళ్ళెం పట్టుకోని నిలబడితే "ఆఫ్‌సైడ్" అని అరుస్తున్నరు.

రోజు పని దిగినంక ముదీర్ నన్ను తన క్యాబిన్ ల నిలబెట్టి పరీక్ష పెడుతున్నడు.

"గోలీ ఎవరు?"

"సాలిం, సాబ్. ఎడమ చేతికి కట్టు."

"పది నంబర్?"

"మురాద్. దేవుడు."

"మీరు ఎందుకు పోయిన్రు?"

"ప్రేమతోని, సాబ్."

ఇక్కడ మాత్రం నవ్వు ఆగలే. ముదీర్ టేబుల్ మీద అరచెయ్యితోని కొట్టిండు. "నవ్వుతే జైలు. నీ ఒక్కనికి కాదు, యాభై మందికి" అన్నడు. అప్పటిసంది ప్రేమ అన్నప్పుడు నవ్వుతలేను. దవడ గట్టిగ పట్టుకుంటున్న.

నిన్న ఒక తెల్ల కారు క్యాంపు గేటు బయట వచ్చి ఆగింది. మావోళ్ళు ఎక్కడోళ్ళక్కడ గదులల్ల దూరి గడియలు పెట్టుకున్నరు. ఎవరో అనుకున్నవు, గేటుకు తాళం వేయించిన కెప్టెన్ సారే. యూనిఫాం లేదు. డిక్కిల నీళ్ళ సీసాల పెట్టెలు తెచ్చిండు. తనే దించిండు. నన్ను దగ్గరికి పిలిచి, హిందీల మెల్లగ అడిగిండు.

"చాచా, నిజం చెప్పు. మీరు ఆ జాలి పడగొడుదామనుకున్నరా? నాకు నిద్ర పడుతలేదు. వీడియో ఎన్నిసార్లు చూసినా నాకు మీరు మీదికొస్తున్నట్టే కనబడుతుంది."

సిన్న వయసు బావా, మన ఊరి సుభాషిణి పెద్దకొడుకంత ఉంటడు. తప్పు అని తేలితే ఆయన నౌకరి పోతదట. భుజాల మీద నక్షత్రాలున్న మనిషి భయపడుడు నేను ఎన్నడు చూడలే. ఆయన భయం చూసి నా భయం ఇంకింత అయింది. వెనుక క్యాబిన్ కిటికీల ముదీర్ నిలబడి ఉన్నడు.

నేనేమన్న తెలుసా? "సాబ్, నేను తెల్ల చొక్కాల అభిమానిని. గోలీ పేరు సాలిం" అన్న.

ఆయన ఖాళీ డిక్కి మూసి పోయిండు.

కమిటీ నుంచి కాగితం వచ్చింది. నవంబర్ నడుమల పిలుస్తరట. భూమేశ్ రాయడట, బద్ధకం. నువ్వే అన్నవు గదా.

హన్మాండ్లు


రువైస్
అక్టోబర్ 25, 2023

హన్మాండ్లూ,

లావణ్య ఫోన్ చేసింది. మీ క్యాంపులో చాలామంది ఫోన్లు తిరిగి ఇచ్చేశారట. మీ క్యాంపులోనే ఉండే వాళ్ళ పక్కింటాయన తన భార్యకు ఫోన్ చేసి మాట్లాడాడట. భూమేశ్ గురించి లావణ్య అడిగితే, "ఉన్నడు, ఉన్నడు" అని ఫోన్ పెట్టేశాడట.

నీ రెండు ఉత్తరాలు నేను పారేసినా, ఒక్కో మాట నాకు గుర్తుంది. ఆ పడ్డ మనిషి పేరు నువ్వు ఎక్కడా రాయలేదు. క్యాంపులో వంటాయన పిల్లి పేరు కూడా రాసే మనిషివి నువ్వు.

పేరు రాసి షాహబాజ్ చేతికి ఇచ్చి పంపు. జోకులు వద్దు.

రాజేశ్వర్


ఫుజైరా
అక్టోబర్ 29, 2023

బావా,

భూమేశే.

నీకు చెప్పొద్దనుకోలే. మొదటి ఉత్తరంల పేరు రాసిన, కొట్టేసిన, మళ్ళ కొత్త కాగితం తీసుకున్న. డాక్టర్లు ఇంకా ఏం చెప్పలేదు గదా, మంచిగైనంక చెప్దామనుకున్న. అంతట్లనే నీ పాఠం వచ్చింది. "పరాయివాడి బాధ" అని రాసినవు. అది చదివినంక నాకు చెప్పే ధైర్యం పోయింది.

వాడు తన దప్పికకు ఎక్కలే. మా పక్కన ఒక బిహారీ ముసలాయన నోట్ల నురుగు వచ్చి పడిపోయిండు. ఎంత మొత్తుకున్నా అవతలికి ఇనబడుతలేదు. పచ్చోళ్ళ బ్యాండ్ మోగుతున్నది. భూమేశ్ "నేను పైనుంచి చెప్పొస్త బావా" అని ఎక్కిండు. పైకి పోయి చెయ్యి ఊపిండు. చెమట చెయ్యి, ఇనుప కమ్మి జారింది. అవతల సిమెంటు మెట్ల మీద నడుం మీద పడ్డడు. తాళం అప్పుడు తీసిన్రు. కెప్టెన్ సారే అంబులెన్సు ఎక్కించిండు, అది నిజం, ఒప్పుకోవాలె.

ఇప్పుడు వానికి మాట మంచిగున్నది. నడుం కింద మాత్రం సోయి సగమే ఉన్నది. ఎన్నుపూసకు పెద్ద ఆపరేషన్ చెయ్యాలెనట. తొందరగ చేస్తే నడుస్తడు అంటున్నరు. గని కంపెనీ ఏమంటుందంటే, ఆయన సెలవు పెట్టి తన సరదాకు ఆట చూడవోయిండు, డ్యూటీల పడలే, ఆపరేషన్ మా మీద లేదు. టికెట్ తీసి ఇంటికి పంపుతరట. కమిటీ అయిపోవుడే ఆలస్యం.

ఇప్పుడు నీకు సమజైతుందా? నేను అభిమానినైతే భూమేశ్ సుత అభిమానే. నేను గోలీ పేరు ఎంత మంచిగ చెప్తే వాని ఆపరేషన్ అంత దూరం పోతది.

నిజం చెప్తనంటే క్యాంపు మొత్తం నా మంచం చుట్టు కూసుంటున్నది. కొట్టుతలేరు, తిట్టుతలేరు. ఊకె కూసుంటున్నరు. ఒకడు బిడ్డ ఫోటో చూపిస్తడు. ఇంకొకడు నా కాళ్ళకు నూనె రాస్తడు. "చాచా, ఒక్కని నడుముకు యాభై మంది నడుములు ఇరగ్గొట్టకు" అంటరు. నేను దవాఖానకు పోతే వాడేమంటడో తెలుసా? "బావా, నాకోసం వాళ్ళను ఆగం చెయ్యకు, గని నన్ను ఇట్లనే పంపకు" అంటడు. రెండు ఒక్క ఊపిరిల అంటడు.

నేనేం చెయ్యాలె బావా. ఈసారి ఆటగాళ్ళ పేర్లు అడుగుతలేను.

హన్మాండ్లు


రువైస్
నవంబర్ 6, 2023

హన్మాండ్లూ,

ఈ ఉత్తరం రాసి చింపి, మళ్ళీ రాస్తున్నాను. నేను టైమ్‌కీపర్‌ను. ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎప్పుడు పోయారో రాయడం తప్ప నాకు ఏమీ చేతకాదు.

నేను నేర్పిన అబద్ధాలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. సాలింను, మురాద్‌ను మర్చిపో. నిజం చెప్పు. యాభై మంది గురించి అంటావా, పంపినవాడిది తప్పు గానీ పోయినవాళ్ళది కాదని చెప్పు. కమిటీవాళ్ళు వింటారో వినరో నాకు తెలియదు. వింటారని అనుకుంటున్నానంతే. భూమేశ్‌ను చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని జాతరలో తిప్పాను. వాడు మంచం మీద ఇంటికి రావడం నేను చూడలేను.

ఇప్పుడు నీకు చెప్పాల్సింది ఒకటుంది. నీ పేరు ఇచ్చినవాడిని నేనే.

ఆ సప్లయర్ ఆగస్టులో మా క్యాంపుకు వచ్చాడు. తూర్పు దిక్కు ఎవరైనా తెలుసా, మనుషుల చేత అరిపించగలవాడు కావాలి అన్నాడు. నేను గొప్పకు పోయాను. మా బామ్మర్ది పాట అందుకుంటే బండలు కూడా నవ్వుకుంటూ జరుగుతాయన్నాను. పేరు, క్వారీ, అన్నీ చెప్పాను. ఆయన నాకు ఇచ్చిందేమీ లేదు. ఒక చాయ్ తాగించాడు. ఆ చాయ్‌కి నిన్నూ తమ్ముడినీ ఆ జాలి వెనకాలకు పంపాను.

ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. ఇక్కడ కూడా ఎంక్వైరీ జరుగుతోందని అంటున్నారు. ఆ సప్లయర్‌తో మాట్లాడినవాళ్ళ కోసం వెతుకుతున్నారట. జనవరిలో నా వీసా రెన్యువల్. ఈ వయసులో ఇంటికి పంపితే మళ్ళీ ఎవరు తీసుకుంటారు? మీ అక్క లింగవ్వకు వారానికి రెండుసార్లు డయాలసిస్. ఈ జీతం మీదే ఆమె ప్రాణం నిలబడి ఉంది.

అన్నీ చెప్పు. నా పేరు మాత్రం రానియ్యకు. తమ్ముడి కోసం నిన్ను నిజం చెప్పమంటూ, నా కోసం ఒక్క అబద్ధం అడుగుతున్నాను.

రాజేశ్వర్


ఫుజైరా
నవంబర్ 16, 2023

బావకు దండాలు.

నిన్న అయిపోయింది. బతికే ఉన్న.

నా పేరు నువ్వే ఇచ్చినవన్న ముచ్చట చదివినంక నీ మీద కోపం రావాలె గదా అని చానసేపు కూసున్న. రాలే. నన్ను పొగిడినోడివి నా జన్మల నువ్వొక్కడివే.

పెద్ద గది. ఏసీ ఎంత చల్లగున్నదంటే భయం వేరే పెట్టుకునే అవసరం లేకుండ పోయింది. ముగ్గురు సార్లు. నడుమ కూసున్నది తెల్లగడ్డం జడ్జి సాబ్. ఒక పక్కకు కెప్టెన్ సార్, ఈసారి యూనిఫాంల ఉన్నడు. నా మాట అరబ్బీల చెప్పేటందుకు ఫైజా అని ఒక బిడ్డ, మన హైదరాబాద్ నాంపల్లి పిల్ల.

మొదలు అవే అడిగిన్రు.

"గోల్‌కీపర్ పేరు?"

"సాలిం, సాబ్."

"పది నంబర్?"

"మురాద్."

"ఆఫ్‌సైడ్ అంటే?"

పెళ్ళి భోజనం లెక్క చెప్పిన. ఫైజా అది అరబ్బీల చెప్పేసరికి జడ్జి సాబ్ మీసంల నవ్విండు. "మంచి అభిమానివే" అన్నడు. అక్కడ ఆగితే నేను గెలిచినట్టే బావా. దవాఖానల భూమేశ్ దుప్పటి కింద కాళ్ళు మతిల పడ్డయి.

"ఎప్పటినుంచి ఈ జట్టును చూస్తున్నవు?"

"ఆ రోజు నుంచే సాబ్. అంతకుముందు నాకు ఫుట్‌బాల్ తెలువదు. మా ముదీర్ బస్సెక్కిస్తే పోయినం. నేను క్వారీల బండలు జరిపేటోన్ని."

ఫైజా నా దిక్కు చూసింది. "చాచా, ఇది చెప్పమంటరా?" అన్నది. చెప్పు బిడ్డా అన్న.

ఇగ మొత్తం చెప్పిన. వీడియో పెట్టిన్రు. మేము ఒరుగుడు, జాలి ఊగుడు పెద్ద తెర మీద చూస్తే నాకే భయమైంది. నేనే పోలీసునైతే నేను సుత తాళం వేస్తుంటి. ఆ మాటే అన్న. "సాబ్, తాళం వేసిన్రంటే తప్పు పట్టను. మేము మీదికొస్తున్నట్టే ఉన్నది. గని వేసినంక లోపలున్నోళ్ళు మనుషులా కాదా అని ఒక్కపారన్న దగ్గరికొచ్చి చూస్తే బాగుండు" అన్న. కెప్టెన్ సార్ తల కిందికి వేసుకున్నడు.

"ఆ అరుపు ఇక్కడ అరువు" అన్నడు జడ్జి సాబ్.

"ఒక్కనితోని కాదు సాబ్. అవతల అనేటోళ్ళు ఉండాలె."

అయినా నేను పాట అందుకున్న. గొంతు పిల్లిగొంతు లెక్క వచ్చింది. పాట ఆగినకాడ ఫైజా మెల్లగ, కాగితం దిక్కే చూసుకుంట, "హైసా" అన్నది. ఇగ ఎవరు ఆటల ముచ్చట అడుగలే.

మనుషులను పంపినోనిది తప్పు, పోయినోళ్ళది కాదు అని రాస్తరట. భూమేశ్ డ్యూటీల పడ్డట్టే లెక్క, ఆపరేషన్ అయ్యేదాక దేశం దాటియ్యొద్దని కంపెనీకి కాగితం పోతదట. ఇది నా వాంగ్మూలం మీదనే. అప్పుడు లేవబోయిన బావా. మోకాలు సగం లేసింది.

"ఇంకొకటి. సప్లయర్ దేశం దాటిండు. పడమటి దిక్కు ఆయనకు ఒక మనిషి ఉన్నడు, నీ పేరు ఆయనే ఇచ్చిండు. ఎవరు?"

"తెలువదు సాబ్."

"పడమటి దిక్కు నీకు తెలిసినోళ్ళు ఎవరున్నరు?"

"ఎవరు లేరు సాబ్. సుట్టం లేడు, సోపతి లేడు."

రాసుకున్నరు. సంతకం పెట్టే ముందు ఫైజా నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "చాచా, జర సోచాయించుకోండి. ఇండ్ల ఒక్క మాట ఝూటా అని తేలినా కాగితం మొత్తం పనికి రాదు. ఆ దవాఖానల ఉన్నాయన సంగతి సుత పోతది. మీ మీద జైలు కేసు వేరే." అన్నీ సోచాయించిన బిడ్డా అని సంతకం పెట్టిన.

అందుకని ఇప్పుడు నువ్వు నాకు ఏం కావు. నేనెవరో నీకు తెలువదు. నోరు తెరవకు బావా, ఎవరు అడిగినా, ఎంత మంచిగ అడిగినా. వాళ్ళు ఇంకో వారం కూసోని రిపోర్టు రాసి లేస్తరట. ఆ వారం గడిస్తే భూమేశ్ నడుస్తడు.

షాహబాజ్ మీ దిక్కే ఉన్నడు, తిరిగొచ్చేదాక ఆగలేను. ఇది ఇంకో డ్రైవర్ తోని పంపుతున్న. రేపు, ఎల్లుండికి నీ చేతుల పడాలె.

హన్మాండ్లు


రువైస్
నవంబర్ 16, 2023

హన్మాండ్లూ, బామ్మర్దీ,

షాహబాజ్ బండి ఎక్కబోతున్నాడు, తొందరగా రాస్తున్నాను. నీ వంతు వచ్చిందో లేదో నాకు తెలియదు. రాకపోతే ఇది నీకు సమయానికి అందినట్టే.

పోయిన ఉత్తరంలో నా పేరు దాచమని నిన్ను అడిగినప్పటినుంచి నాకు అన్నం లోపలికి పోలేదు. లింగవ్వకు ఫోన్ చేసి మొత్తం చెప్పాను. మీ అక్క సంగతి తెలుసు కదా. "నా పేరు చెప్పుకొని దాక్కుంటవా? నా తమ్ముని మీదికి తోసి నువ్వు తప్పించుకుంటవా?" అని ఫోన్ పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

ఇవాళ పొద్దున మా కంపెనీ ఆఫీసుకు పోయి చెప్పేశాను. సప్లయర్‌తో మాట్లాడినవాణ్ణి నేనేనని, ఫుజైరా క్వారీలో ఉండే హన్మాండ్లు నా భార్య తమ్ముడని, వాడి పేరు ఇచ్చింది నేనేనని, వాడికి ఏ పాపం తెలియదని. ఆఫీసువాళ్ళు అప్పటికప్పుడే కమిటీకి ఫోన్ చేశారు. మధ్యాహ్నానికి ఇద్దరు వచ్చి అంతా రాసుకున్నారు. చాలా మర్యాదగా మాట్లాడారు. చాయ్ తాగుతావా అని కూడా అడిగారు. ఇంతకుముందు తాగిన చాయ్ ఇంకా అరగలేదని వద్దన్నాను. చూశావా, నాకు కూడా జోకులు వస్తున్నాయి.

"నువ్విక్కడ ఉన్నట్టు హన్మాండ్లుకు తెలుసా?" అని రెండుసార్లు అడిగారు. తెలియకపోవడమేమిటి, అన్నదమ్ముల్లా ఉత్తరాలు రాసుకుంటాం అన్నాను. అది రాసుకుని, ఎందుకో ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ కాలంలో ఉత్తరాలా అని వాళ్ళకు ముచ్చటేసినట్టుంది.

నా వీసా సంగతి తర్వాత చూస్తామన్నారు. పోతే పోనియ్యి. ఇన్ని రోజుల తర్వాత ఇవాళ కడుపునిండా తిన్నాను.

ఇక నువ్వు దాచాల్సింది ఏమీ లేదు. జడ్జి అడిగినా అడగకపోయినా ముందు నా పేరే చెప్పు, ధైర్యంగా చెప్పు. భూమేశ్ దగ్గరికి పోయి, అన్న అన్నీ సరిచేశాడని, ఇంక భయం లేదని చెప్పు.

నీ బావ
రాజేశ్వర్